ఈరన్న బీడు

ఆ ఆదివారం పేపరు జిల్లా పేజీలో సగం మేర ఒకటే ఫొటో. మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలోంచి నిలువెత్తున గాల్లోకి ఎగిరిన నల్లని పిట్ట, ఈ పక్కన తలగుడ్డ చుట్టుకొని, భుజాన కంబళి వేసుకొన్న గొర్రెల కాపరి చిన్న ఈరన్న. పైన పెద్ద అక్షరాలతో 'ఈరన్న బీడులో నేలనెమలి చిందులు' అని రాశారు.

ఓబుళేశు ఆ వార్తను మూడుసార్లు చదివాడు. మొదటిసారి కళ్ళజోడు లేకుండా, రెండోసారి కళ్ళజోడు పెట్టుకొని, మూడోసారి తన పేరు వెతుక్కుంటూ. తన పేరు ఎక్కడా లేదు. చివర్లో ఎక్కడో 'స్థల యజమాని సహకారంతో' అని మాత్రం ఉంది. ఆ యజమానికీ ఒక పేరుంటుందని రాసినవాడికి తోచలేదు.

"కాఫీ చల్లారిపోతాండాది," అంది భార్య నాగజ్యోతి.

"చల్లారనీ. ఇది చూడు. ఈరన్న బీడంట! మా జేజినాయన కొన్న నేల. అరవై రెండెకరాలు. పట్టా యాడుండాది? నా బీరువాలో ఉండాది. ఆయప్పకు అందులో జానెడు నేల గూడా ల్యా."

నాగజ్యోతి పేపరు అందుకొని చూసింది. "ఫొటో మాత్రం బలే వచ్చిండాది. ఈరన్న మొగంలో కళ చూడు."

ఓబుళేశు కాఫీ ముట్టకుండానే లేచిపోయాడు.

అతనికి అప్పటికి అరవై రెండేళ్ళు. బేతంచెర్లలో పాలిష్ బండల ఫ్యాక్టరీ ముప్ఫై ఏళ్ళు నడిపాడు. లారీ ఎక్కే బండను వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, ఇది నిలుస్తుంది, ఇది దారిలోనే పగులుతుంది అని చెప్పగలిగేవాడు. పక్క ఫ్యాక్టరీల వాళ్ళు సైతం పిలిపించుకొని అడిగేవాళ్ళు. "ఓబుళేశన్న తట్టి చెప్తే ఇంగ తిరుగు ల్యా" అనేవాళ్ళు. ఆ మాట కోసమే అతను బతికాడంటే తప్పులేదు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక ఆ దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక, ఫ్యాక్టరీ తమ్ముడికి అప్పగించి ఊరికొచ్చేశాడు. మొదట్లో రోజుకు నాలుగు ఫోన్లు వచ్చేవి. తర్వాత వారానికి ఒకటి. ఆ తర్వాత పండగలకు మెసేజీలు.

ఊరికి ఉత్తరాన ఉన్న ఆ బీడుకు మొదటి నుంచీ పనికిరాని నేలని పేరు. జానెడు మట్టి, దాని కింద బండ. గని తీద్దామని ఒకప్పుడు మూడు చోట్ల తవ్వించి చూశాడు. రాయి అప్పడంలా పెళుసుగా ఊడొచ్చింది. వదిలేశాడు. సర్కారు తుమ్మ కంప ఇష్టం వచ్చినట్టు అల్లుకుంది. ఈరన్న మంద మాత్రం అతని తండ్రి కాలం నుంచీ అక్కడే మేసేది. రమ్మన్నవాళ్ళూ లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు.

అట్లాంటి నేలను వెతుక్కుంటూ కర్నూలు నుంచి యశోద వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గడ్డి నేలల్ని కాపాడే ఒక చిన్న సంస్థలో పని చేస్తోంది. "అడవికైతే కాపలా ఉంది సార్. ఇట్లాంటి బీళ్ళను అందరూ వృథా అంటారు. కానీ ఈ గడ్డి మీద బతికే పిట్టలు, జింకలు, నక్కలు, ఉడుములు గడ్డి పోతే ఎక్కడికి పోతాయి? నేల మీది, మంద ఈరన్నది, మా చేతనైన పని మేం చేస్తాం. ముగ్గురం కలిసి చూసుకుందాం" అంది.

కాగితం రాసుకున్నారు. ఐదేళ్ళు దున్నకూడదు, తవ్వకూడదు, నిప్పు పెట్టకూడదు. కంప సంస్థ కొట్టిస్తుంది. నేలను నాలుగు భాగాలు చేసి, ఒకటి మేస్తుంటే తక్కినవి వదిలేయాలి. మందను ఎప్పుడు ఏ భాగంలో దించాలో ఈరన్న చెప్తాడు. ఓబుళేశు ఒకే ఒక షరతు పెట్టాడు. బీడుకు పోయే దావ పక్కన తన పేరుతో ఒక బండ నిలబెట్టాలి. బండ తన ఫ్యాక్టరీదే. దగ్గరుండి చెక్కించి తెచ్చాడు. వచ్చేపోయే వాళ్ళు దాన్ని చదివారో లేదో గానీ, ఈరన్న గొర్రెలు మాత్రం వీపు దురద తీర్చుకోవడానికి దాన్ని బాగా వాడుకున్నాయి.

రెండు వానాకాలాలు గడిచేసరికి చెంగలి గడ్డి, నెండ్ర గడ్డి లేచాయి. ఎక్కడి నుంచి వచ్చాయో జింకలు వచ్చాయి. మూడో వానాకాలంలో నేలనెమలి వచ్చింది.

ఆ కబురు ఓబుళేశుకు ఊళ్ళో టీ అంగడి దగ్గర తెలిసింది. కర్నూలు నుంచి, నంద్యాల నుంచి జనం కెమెరాలు పట్టుకొని తెల్లవారేసరికే బీడుకు చేరుతున్నారట. తనకు ఒక్కరు కూడా చెప్పలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని జీపులో బయల్దేరాడు. గడ్డి అంచున పది మంది నేల మీద కూర్చొని ఉన్నారు. మధ్యలో ఈరన్న. ఓబుళేశు జీపు తలుపు వేసిన చప్పుడుకు పదిమందీ ఒక్కసారి తలలు తిప్పారు. యశోద వేలు పెదాల మీద పెట్టుకొంది. అతను ఇంకా రెండడుగులు ముందుకు వేయబోతే ఈరన్న చెయ్యి పట్టుకొని కిందికి లాగాడు.

"కూచో రెడ్డీ. నిలబడితే ఎగరదు."

అరవై రెండెకరాల ఆసామి తన సొంత నేల మీద, తెల్ల పంచె తడి మట్టిలో పెట్టి కూర్చున్నాడు. గంట గడిచింది. పిట్ట ఎగరలేదు. వచ్చినవాళ్ళు ఈరన్న చెవిలో ఏదో అడుగుతున్నారు, ఈరన్న గడ్డిపోచ కొరుకుతూ జవాబిస్తున్నాడు. ఒకామె నోటు పుస్తకంలో రాసుకుంటోంది. "గాలి మళ్ళినాక ఎగురుతాది, ఆడ, ఆ మోదుగ పొద ఎడమకు చూస్తాండండి," అన్నాడు ఈరన్న. సరిగ్గా అక్కడే, గాలి మళ్ళగానే, పిట్ట రెక్కలు టపటపలాడిస్తూ లేచింది. ఒకటి, రెండు, మూడు సార్లు. అందరి నోటా ఒక్కసారే 'అబ్బ!'

ఓబుళేశు ఆ వేళకు పంచెకంటిన మట్టి దులుపుకుంటున్నాడు. చూడలేదు.

ఇంటికి వెళ్ళేదారి పొడుగునా అతని కళ్ళ ముందు ఆ పిట్ట లేదు. ఆ పదిమంది ముఖాలున్నాయి. ఈరన్న వైపు తిరిగిన ముఖాలు. అచ్చంగా అట్లాగే తన వేలి వైపు చూసేవాళ్ళు, బండ తట్టేముందు.

ఆ వారంలోనే పేపర్లో ఫొటో పడింది. ఆ తర్వాత ఊరంతా ఆ పేరే. "ఈరన్న బీడు దాటినాక కుడికి తిరుగు" అని ఆటోవాడు ఎవరికో దావ చెప్తుంటే విన్నాడు. నాగజ్యోతి కూడా ఈరన్న భార్య గంగక్కతో కలిసి చెంచలాకు కోసుకురావడానికి బీడుకు వెళ్ళడం మొదలుపెట్టింది. వచ్చాక ఏవేవో చెప్పేది. నక్క పిల్లల్ని పెట్టిందట, ఈరన్న చూపించాడట. ఉడుము పడుకునే చోటు ఎట్లుంటుందో ఈరన్న చెప్పాడట.

"అన్నంలోకి ఈరన్న, పప్పులోకి ఈరన్న! నా ఇంట్లో ఆ పేరు తప్ప ఇంగో మాట ల్యా?" అని ఒకరోజు కంచం నెట్టేశాడు.

"ఆయప్పకు తెలుసు, చెప్తాడు. నువ్వు గూడా రా, చెప్తాడు," అంది ఆమె.

ఆ మాట కంపముల్లులా లోపలికి దిగింది. ముల్లయితే ఒకనాటికి చీము పట్టి బయటికొస్తుంది. ఇది రాలేదు. ఎండాకాలమంతా లోపలే సలిపింది. మృగశిర కార్తె రాగానే ఈరన్నను ఇంటికి పిలిపించాడు.

"ఈ యేడు మంద దించొద్దు ఈరన్నా."

"ఏ భాగంలో రెడ్డీ?"

"ఏ భాగంలోనూ వద్దు. గడ్డి పెరగనీ. రెండొందల గొర్లు తొక్కుతాంటే పిట్టలు యాడుంటాయి?"

ఈరన్న తల అడ్డంగా ఊపాడు. "గొర్రె నోరు తగలకుంటే గడ్డి ముసలిదైపోతాది. పాతది పడి కుళ్ళితే కొత్తది మొల్చదు. పిల్లపిట్ట పరిగెత్తేదానికి సందు గూడా ఉండదు రెడ్డీ."

"నేల నాదా, నీదా?"

"నీదే."

"ఇంగేం మరి?"

ఈరన్న ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఉంటే ఓబుళేశుకు కొంత హాయిగా ఉండేది. మూడో రోజు పొద్దున మంద ఊరు దాటి, నల్లమల దిక్కుగా ఆత్మకూరు దావ పట్టింది. గంగక్క గాడిద మీద సామాను వేసుకొని వెనకాల నడిచింది.

యశోద ఫోన్ చేసింది. "సార్, ఏ మార్పయినా ముగ్గురం కూర్చొని అనుకోవాలని కదా మన మాట?"

"కూర్చున్నా నేను ఇదే చెప్తా."

"అయితే మేం చేయగలిగింది లేదు సార్. అది నమ్మకం మీద రాసుకున్న కాగితం," అని ఆమె పెట్టేసింది.

ఆ రోజు నుంచి బీడు పూర్తిగా అతనిదయింది. రోజూ పొద్దున్నే ఒక్కడే వెళ్ళేవాడు. వానలు బాగా పడ్డాయి. గడ్డి మోకాలు దాటి నడుము దాకా వచ్చింది. చూడడానికి సముద్రంలా ఉంది. మురిసిపోయాడు. కానీ అందులో నడిస్తే కాలికి మెత్తగా, తడిగా ఏదో తగిలేది. పోయినేటి గడ్డి బూడిద రంగులో చాపలా పరుచుకొని ఉంది. దాని కింద మట్టి కనిపించదు. నేలనెమలి కోసం కూర్చొని కూర్చొని నడుము నొప్పి పుట్టింది. అది రాలేదు. జింకలు ఒకసారి అంచుకు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి. కొట్టేసిన చోటల్లా కంప మళ్ళీ మోకాలెత్తు లేచింది. ఈరన్న ఉన్నప్పుడు ఆ మొలకల్ని నడుస్తూ నడుస్తూనే గొడ్డలితో తీసేసేవాడని ఓబుళేశుకు తెలియదు.

భాద్రపదంలో కాలేజీ పిల్లలు నలుగురు వచ్చారు. ఓబుళేశు ఎదురెళ్ళి బీడంతా తిప్పాడు.

"ఈ గడ్డి పేరేంటి సార్?" అని అడిగింది ఒకమ్మాయి.

అతను ఆ పోచను పట్టుకొని చూశాడు. చిన్నప్పటి నుంచీ చూసిన గడ్డే. "గడ్డేనమ్మా," అన్నాడు.

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వెళ్ళేటప్పుడు మరో అబ్బాయి మర్యాదగానే అడిగాడు, "ఈరన్న గారు ఎప్పుడొస్తారు సార్?" అని.

ఆ నెల తర్వాత ఎవరూ రాలేదు. టీ అంగడి దగ్గర బీడు మాటే లేదు. పేపర్లో ఎవరి పేరూ లేదు. తాను కోరుకున్నది ఇదే. అయినా కడుపులో మంట చల్లారకపోగా ఇంకా పెరిగింది. కళ్ళెదుట లేని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది. ఈరన్న ఇప్పుడు ఎవరి బీడులో ఉన్నాడో, ఎవరికి ఏం చూపిస్తున్నాడో!

మాఘ మాసంలో ఒకరోజు, నాగజ్యోతికి ఫ్యాక్టరీ పని అని చెప్పి ఆత్మకూరుకు జీపు తోలాడు. రెండుచోట్ల అడిగి కనుక్కున్నాడు. మొక్కజొన్న కోసేసిన చేలో మంద ఉంది. గట్టు మీద మంచం వేసుకొని ఒక పెద్దమనిషి, పక్కన గ్లాసులో కాఫీ తాగుతూ ఈరన్న. ఆ పెద్దమనిషే పొలం ఆసామి, పేరు వెంకటేశ్వర్లు.

"మా ఈరన్న మంద కట్టినాడంటే ఎరువు కొనే పన్లేదప్పా," అన్నాడు వెంకటేశ్వర్లు, పరిచయాలయ్యాక. "శానా మందిని చూస్తిని, ఇట్లాంటోడు దొరకడు. వచ్చే యేడు గూడా ఈడనే ఉండమంటాండా. ఏం ఈరన్నా?"

'మా ఈరన్న'. ఆ మాటకు ఓబుళేశుకు చెవుల దాకా వేడెక్కింది. ఈరన్న తనవాడని ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు మరొకడు అంటే మాత్రం భరించలేకపోయాడు.

వెంకటేశ్వర్లు బోరు దగ్గరికి వెళ్ళాక గంగక్క వచ్చింది. "సంగటి తింటావా రెడ్డీ?" అని అడిగింది. మాటవరసకు అడిగింది. "పెట్టు," అన్నాడు ఓబుళేశు. ఆమె ఒక్క క్షణం ఆగి, కంచం కడుక్కొచ్చి, సంగటి ముద్ద మీద గోంగూర ఊరిబిండి వేసింది. సగం తిన్నాక అతను మాట్లాడాడు.

"బీడు పాడైపోయిండాది ఈరన్నా."

"తెలుసు. పోయిన నెల వచ్చి చూసినా."

"నాకు చెప్పకుండానా?"

"చెప్పి వస్తే రానిస్తావా? పొద్దు మొల్చకముందే దొంగమాదిరి వచ్చి, చూసుకొని, మళ్ళా బస్సెక్కినా. ఉండబట్టల్యా."

ఓబుళేశు ముద్దను వేళ్ళతో అటూ ఇటూ తిప్పాడు. "నిన్ను పొమ్మనింది గడ్డి కోసం గాదు. పేపర్లో నీ పేరు చూసి ఓర్చుకోలేకపోతి. అంతే."

ఈరన్న గ్లాసు గట్టు మీద పెట్టి గొర్రెల వైపు చూశాడు. "నాకు మాత్రం ల్యా అనుకుంటివా కుళ్ళు? మా నాయన ఆ బీట్లోనే పాణం ఇడిసినాడు. నేను నడక నేర్చింది ఆడనే. సాయంత్రం మందను బయటికి తోలేటప్పుడల్లా నీ పేరు చెక్కిన బండ కనపడ్తాది. నాకు సదువు రాదు, అయినా నీ పేరు గుర్తుపడ్తా. గొర్లు దాన్ని రుద్దుకుంటాంటే ఒక్కనాడూ అదిలించల్యా రెడ్డీ."

ఓబుళేశుకు కోపం రావాలి. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. గంగక్క నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది.

"రా, పోదాం," అన్నాడు దగ్గు తగ్గాక.

"వస్తా. ఊరికే రాను. నీకు కోపమొచ్చినప్పుడల్లా మంద ఎత్తుకొని పోయేదానికి నాకు కాళ్ళల్లో సత్తువ ల్యా. కాగితంలో రాయించు. ముగ్గురూ ఒప్పుకుంటేనే మందను ఆపేది. నీ ఒక్కని మాట మింద గాదు."

"నా నేల మింద నా మాట చెల్లకూడదంటావు."

"నీ ఒక్కనిదే చెల్లకూడదంటాండా."

వెంకటేశ్వర్లు బోరు దగ్గర నుంచి తిరిగొస్తున్నాడు. అది చూసి ఓబుళేశు, "సరే, రాయిస్తా. రేపే రాయిస్తా," అన్నాడు గబగబా.

ఉగాది లోపల యశోద కొత్త కాగితం తెచ్చింది. ఇద్దరు సంతకాలు చేశారు, ఈరన్న వేలిముద్ర వేశాడు. మంద దిగింది. మొదట ఆ ఎండు గడ్డినంతా తొక్కించారు, తినగలిగింది తినిపించారు. కంప మొలకల్ని మళ్ళీ తీశారు. ఈసారి గొడ్డలి ఒకటి ఓబుళేశు చేతిలో కూడా ఉంది, పది మొలకలకొకసారి ఆయాసానికి కూర్చునేవాడు. వాన పడ్డాక నేల మళ్ళీ పచ్చబడింది. కానీ నేలనెమలి రాలేదు. ఆ ఏడూ రాలేదు. "ఒకసారి బెదిరిన పిట్ట, ఇంగ దాని ఇష్టం," అన్నాడు ఈరన్న. అందులో నిందించినట్టేం లేదు, కానీ ఓబుళేశుకు ఆ రాత్రి భోజనం సయించలేదు.

ఊళ్ళో అందరూ ఇప్పటికీ దాన్ని ఈరన్న బీడనే అంటారు. వచ్చినవాళ్ళు ఇప్పటికీ ముందు ఈరన్న ఎక్కడ అనే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఓబుళేశుకు లోపల ఎక్కడో చిన్నగా కలుక్కుమంటుంది. పోలేదు అది. పోతుందన్న ఆశా అతనికి లేదు. రోజూ మంద వెనక నడుస్తాడు. గడ్డి పేర్లు పదకొండు నేర్చుకున్నాడు, పన్నెండోది అడగడానికి నామోషీ పడి నాగజ్యోతి చేత అడిగించాడు.

ఫాల్గుణంలో ఒక పొద్దున, మూడో భాగంలో రాళ్ళు తేలిన చోట, ఆయాసం తీర్చుకోవడానికి నిలబడ్డాడు. కాళ్ళ దగ్గర నుంచే పావురమంత పొలంక పిట్ట ఒకటి చప్పుడు చేస్తూ లేచిపోయింది. వంగి చూశాడు. రాళ్ళే. మళ్ళీ చూశాడు. మూడు రాళ్ళు మరీ నున్నగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు రాయిని తట్టి చూసిన వేలు, తాకడానికి కిందికి పోయి, ఆగిపోయింది. గుడ్లు! గూడు లేదు, పుల్ల లేదు, వట్టి నేల మీద మూడు గుడ్లు.

వెనక్కి వెనక్కి అడుగులేసి వచ్చేశాడు. ఎవరూ చూపించలేదు. తనే కనుక్కున్నాడు. ఈరన్నకు చెప్పలేదు. యశోదకు చెప్పలేదు. నాగజ్యోతికి చెప్తే గంగక్కకు చేరుతుందని ఆమెకూ చెప్పలేదు. రోజూ దూరంగా ఒక తంగేడు పొద చాటున కూర్చొని, ఆడపిట్ట లేచిపోతే మగపిట్ట వచ్చి పొదగడం చూసేవాడు. తన ఒక్కడిదే అది.

ఐదో రోజు మంద ఆ వైపే రావడం చూశాడు. అరుద్దామా? అరిస్తే రహస్యం పోతుంది. లేవబోతుండగా ఈరన్న నాలిక మడిచి ఒక ఈల వేశాడు. ముందు నడిచే పొట్టేలు ఎడమకు తిరిగింది, దాని వెనకే మందంతా తిరిగింది. రాళ్ళ చోటుకు నలభై గజాల అవతల నుంచి వంపు తిరిగి వెళ్ళిపోయాయి. ఈరన్న అటు తలైనా తిప్పలేదు.

మంద వెళ్ళాక ఓబుళేశు ఆ వంపు దగ్గరికి నడిచాడు. నేల మీద గిట్టల దావ గట్టిపడి ఉంది. పెంటికలు కొన్ని తాజావి, చాలావరకు ఎండి తెల్లబడినవి. పది రోజుల కిందటివి కూడా ఉన్నాయి. అంటే తాను చూడకముందే ఈరన్న చూశాడు. చూసి, మందను తిప్పి తోలుతున్నాడు. తాను పొద చాటున కూర్చోవడమూ చూసే ఉంటాడు.

ముందు ఉడుకుమోత్తనం వచ్చింది. ఉన్న ఒక్కటీ లాక్కున్నట్టే అనిపించింది. అక్కడే నిలబడి ఆ ఎండు పెంటికల్ని కాలితో చిదిపాడు. తర్వాత, ఈరన్న ఇన్నిరోజులూ నోరు విప్పలేదన్న సంగతి మెల్లగా బుర్రకెక్కింది. వచ్చిన ప్రతివాడికీ నక్క బొరియ చూపించే మనిషి, దీన్ని ఎవరికీ చూపించలేదు.

సాయంత్రం మంద బయటికి వస్తుంటే ఎదురెళ్ళాడు.

"ఏమన్నా కనపడిందా రెడ్డీ, ఈ మధ్య?" అని అడిగాడు ఈరన్న, కంబళి దులుపుకుంటూ.

"ఏం ల్యా," అన్నాడు ఓబుళేశు. "నీకు?"

"నాకూ ఏం కనపళ్ళా."

వెనకబడిన గొర్రెపిల్లనొకదాన్ని ఓబుళేశు చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ ఊరి దావ పట్టారు.